‘చిన్న కట్టే కదా’ అనే పెద్ద పొరపాటు

కొండవాలు నుంచీ దున్నిన చేల నుంచీ వాన నీటితో కొట్టుకొచ్చే మన్నును వాగులోనే ఆపి, దిగువన ఉన్న పెద్ద జలాశయానికి చేరకుండా చూసేది పూడిక కట్ట. ఇది చిన్న మట్టి ఆనకట్ట. ఎత్తు చాలా చోట్ల పది మీటర్ల లోపే ఉంటుంది. నీళ్లు నిలిపి పొలాలకు పారించడం దీని అసలు పని కాదు. వరదను కాసేపు నిలబెట్టి, అందులోని ఇసుకనూ ఒండ్రునూ అడుక్కి దిగనిచ్చి, తేరిన నీటిని కిందికి వదలడం దీని పని. రోజువారీ నీరు పోవడానికి కట్ట అడుగున ఒక గొట్టమో తూమో ఉంటుంది. పెద్ద వరద పోవడానికి పక్కన అలుగు ఉంటుంది. దీనినే తెలంగాణలో మత్తడి అని, రాయలసీమలో కలుజు అని అంటారు.

ఇలాంటి కట్టల అవసరం ఏమిటో నిజాంసాగర్ చెబుతుంది. మంజీరా మీద 1931లో పూర్తయిన ఆ జలాశయం మొదటి నిల్వ దాదాపు 30 టీఎంసీలు. 1970ల నడుమకు వచ్చేసరికి అది 12 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. మిగతా చోటంతా మన్ను ఆక్రమించింది. పెద్ద జలాశయాలు ఇలా పూడిపోతుంటే చూస్తూ ఊరుకోలేక, మూడో పంచవర్ష ప్రణాళిక కాలం నుంచి నదీలోయ ప్రాజెక్టుల పరివాహక ప్రాంతాల్లో భూసార సంరక్షణ పనులు మొదలయ్యాయి. గట్లు, రాతి అడ్డుకట్టలు, చెక్‌డ్యాంలు, పూడిక కట్టలు ఆ పనుల్లో భాగంగానే వచ్చాయి. వాటి ఉపయోగాన్ని ఎవరూ కాదనరు. పేచీ అంతా కట్టిన తరవాతి సంగతి మీదనే.

ఈ కట్టల గురించి ఊళ్లలోనూ కార్యాలయాల్లోనూ పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. కట్ట చిన్నది కాబట్టి తెగినా పెద్దగా నష్టం లేదు. ముప్పై నలభై ఏళ్లు నిలబడింది కాబట్టి ఇక ముందూ నిలబడుతుంది. వెనక పూడిక నిండిపోయింది కాబట్టి దాని పని తీరిపోయింది, ఇక ఆపడానికి నీరే లేదు. ఈ మూడు మాటలూ వినడానికి లోకజ్ఞానంలా ఉంటాయి. మూడింటిలో ఒక్కటీ నిలవదు. ఏ కట్టయినా వయసుతో బలహీనపడుతుంది. పూడిక కట్ట మాత్రం వయసుతోనే కాక, తన పని తాను సక్రమంగా చేసినందుకు కూడా ప్రమాదానికి దగ్గరవుతుంది. ఆపిన ప్రతి తట్ట మన్నూ వరదను ఆపగల చోటును ఒక తట్ట మేర తగ్గిస్తుంది.

మూడో మాటతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే మోసమంతా అందులోనే ఉంది. కొత్తగా కట్టినప్పుడు కట్ట వెనక గుంత ఖాళీగా ఉంటుంది. పెద్ద వాన పడితే మొదటి పోటును ఆ గుంతే మింగేస్తుంది. అలుగు దాకా వచ్చే నీరు కొంతే, అదీ ఆలస్యంగా. ఏటేటా పూడిక పేరుకున్న కొద్దీ మింగే శక్తి తగ్గుతుంది. ముతక ఇసుక వాగు వచ్చి కలిసే చోట మేట వేస్తుంది, సన్నని ఒండ్రు కట్ట దాకా వచ్చి పరుచుకుంటుంది. నిండిపోయిన నాటికి వాగులోకి వచ్చిన వరద వచ్చినట్టే అలుగు మీద పడుతుంది. ఎప్పుడో ఒకసారి పొర్లడానికి ఉద్దేశించిన అలుగు ఏటా పొర్లడం మొదలెడుతుంది. అలుగు కింద రాతి పేర్పు లేకపోతే నేల మెట్టు మెట్టుగా కోసుకుంటూ వెనక్కి, అంటే కట్ట వైపుకి జరుగుతుంది. ఒకనాటి వరదలో ఆ కోత జలాశయాన్ని తాకితే తెగేది అలుగే, ఖాళీ అయ్యేది కట్ట వెనక ఉన్నదంతా.

పూడిక వల్ల ఒక మేలు ఉన్న మాట నిజమే. సన్నని ఒండ్రు కట్ట లోపలి వాలును, వాగు అడుగును పొరలా కప్పి ఊటను తగ్గిస్తుంది. పూడిక నిండితే కట్ట భద్రం అనే వాళ్లకు ఉన్న గట్టి వాదం ఇదొక్కటే. అయితే మట్టికట్టలు తెగిన ఘటనలను ప్రపంచమంతటా లెక్కగట్టి చూసినప్పుడు దాదాపు సగం నీరు కట్ట మీంచి పొర్లడం వల్ల జరిగినవే. ఊట వల్ల లోపల మన్ను కొట్టుకుపోయి తెగినవి కూడా ఇంచుమించు అన్నే. కాబట్టి పూడిక చేసే మేలు ఒక ముప్పుకు మాత్రమే మందు. పొర్లే ముప్పును అదే పెంచుతుంది.

అలుగుకు చిన్న అడ్డు పడినా ఈ ముప్పు ఎంత పెరుగుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. పది మీటర్ల వెడల్పున్న అలుగు మీద నీరు మీటరు ఎత్తున పోతే సెకనుకు సుమారు 17 ఘనపు మీటర్లు, అంటే 600 క్యూసెక్కులు సాగిపోతాయి. చేపలు జారిపోకుండానో, మరికొంచెం నీరు నిలవాలనో ఆ అలుగు మీద మూరెడు కన్నా తక్కువగా, ముప్పై సెంటీమీటర్ల మేర ఇసుక బస్తాలు పేర్చారనుకుంటే నీరు పోవడానికి మిగిలేది 70 సెంటీమీటర్లే. అప్పుడు సాగేది 350 క్యూసెక్కులు. ఎత్తులో పోయింది మూడో వంతుకు లోపే, దారిలో పోయింది నూటికి నలభై పైన. అలుగుకు అడ్డంగా కట్టిన చేపల వల వరదలో కొట్టుకొచ్చిన చెత్తనూ తుమ్మకంపనూ పట్టుకుంటే వల కూడా గోడే అవుతుంది. కట్ట నడుమ ఒక జానెడు కుంగినా ఫలితం అంతే. నీరు ముందుగా ఆ పల్లాన్నే వెతుక్కుంటుంది. మట్టికట్ట మీంచి పొర్లిన నీరు బయటి వాలును కోయడం మొదలెట్టాక దాన్ని ఆపడం మనుషుల తరం కాదు.

నిండిన పూడిక గట్టి నేలలా ఉంటుందనీ, దాని వల్ల కట్టకు ఆనుడు దొరుకుతుందనీ అనడం కూడా తప్పే. ఎండాకాలంలో బీటలు వారి, మేకలు మేసే ఆ మైదానం వానాకాలంలో నీరు పీల్చిన బురద. నీరు, పూడిక కలిసి ఆనకట్టను నెట్టే ఒత్తిడిని లెక్కగట్టేటప్పుడు ఇంజనీర్లు ఘనపు మీటరుకు 1,360 కిలోల బరువుండే ద్రవంగా ఆ మిశ్రమాన్ని తీసుకుంటారు. ఉత్త నీటికైతే అది వెయ్యి కిలోలే. ఇలాంటి మెత్తని పూడికను పునాదిగా నమ్మితే ఏమవుతుందో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా చూసింది. బఫెలో క్రీక్ అనే వాగు మీద ఒక బొగ్గు గని వారు నల్లనీటిని తేర్చడానికి గని చెత్తతో ఒకదాని వెనక ఒకటిగా మూడు కట్టలు పోశారు. మూడో కట్ట కూర్చున్నది రెండో కట్ట వెనక పేరుకున్న మడ్డి మీద. 1972 ఫిబ్రవరి 26 ఉదయం అది జారిపోయింది. సుమారు 50 కోట్ల లీటర్ల నల్లనీరు లోయలోకి దూకింది. 125 మంది చనిపోయారు, నాలుగు వేల మందికి నిలువనీడ లేకుండా పోయింది. దానికి నాలుగు రోజుల ముందే తనిఖీకి వచ్చిన అధికారి పరిస్థితి సంతృప్తికరం అని రాసి వెళ్లాడు. పూడిక నిండింది కదా, కట్టను మరో రెండు మీటర్లు లేపితే సరి అనే సలహా ఎక్కడ వినిపించినా ఈ ఘటన గుర్తుకు రావాలి.

ఇక మొదటి మాట, కట్ట చిన్నది అన్నది. ఐదు హెక్టార్ల గుంతలో సగటున రెండు మీటర్ల లోతు నీరుందనుకుంటే అది లక్ష ఘనపు మీటర్లు, బరువులో లక్ష టన్నులు. మట్టికట్టకు గండి పడితే అది నిమిషాల్లో వెడల్పవుతుంది. ఆ నీరంతా అరగంటలో వెళ్లిపోతే సగటు ప్రవాహం దగ్గర దగ్గర రెండు వేల క్యూసెక్కులు. ఏడాదంతా ఎండి ఉండే వాగులోకి, వాగు ఒడ్డున వేసుకున్న ఇళ్ల మీదికి, ముందు మాట లేకుండా వచ్చే ప్రవాహం అది. అమెరికాలోనే కొలరాడో రాష్ట్రంలోని లాన్ లేక్ కట్ట ఎత్తు 8 మీటర్లు. 1982 జులై 15న అది తెగి ముగ్గురిని పొట్టన పెట్టుకుంది, దారిలో మరో చిన్న ఆనకట్టనూ కూల్చింది. జార్జియా రాష్ట్రంలో టొకోవా ఊరి పైనున్న కెల్లీ బార్న్స్ కట్ట 12 మీటర్లకు మించదు. 1977 నవంబర్ 6 అర్ధరాత్రి దాటాక అది తెగితే దిగువనున్న కళాశాల ఆవరణలో నిద్రపోతున్న వాళ్లతో కలిపి 39 మంది పోయారు.

కట్ట ఒంటరిగా ఉండదన్న సంగతి కూడా చిన్నదనే వాదం మరిచిపోతుంది. వాగు మీద కట్టలు గొలుసుకట్టుగా ఉంటాయి. పైది తెగితే కిందది తన సొంత వరదతో పాటు పైదాని నీటినీ మోయాలి. 2021 నవంబర్ 19న కడప జిల్లాలో పింఛ జలాశయం కట్టకు గండి పడి, ఆ నీరు చెయ్యేరు వరదతో కలిసి అన్నమయ్య ప్రాజెక్టు మీదికి వచ్చింది. దాని మట్టికట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట కొట్టుకుపోయాయి. ఆ రెండు కట్టలూ పూడిక కట్టల కన్నా ఎంతో పెద్దవి. గొలుసు తీరు మాత్రం పెద్దవాటికీ చిన్నవాటికీ ఒకటే. పూడిక కట్ట విషయంలో మరో నష్టం అదనం. ఏళ్ల తరబడి ఆపిన మన్నంతా ఒక్క రాత్రిలో దిగువ చెరువులోకో పొలాల్లోకో చేరుతుంది. ఏ జలాశయాన్ని కాపాడటానికి కట్టారో దాన్నే పూడ్చి పోతుంది.

రెండో మాట, ఇన్నేళ్లు నిలబడింది అన్నది. మట్టికట్టలో ముప్పు లోలోపల పెరుగుతుంది, పైకి కనబడేది చివర్లోనే. ఊట దారి వెతుక్కుంటూ ఒక్కొక్క రేణువునే బయటికి మోసుకుపోతుంది. బయటి నుంచి లోపలికి సన్నని సొరంగం ఏర్పడుతుంది. ఊళ్లలో దీన్నే బుంగ పడటం అంటారు. గొట్టం ఉన్న చోటే దీనికి ఇష్టమైన చోటు. గొట్టం చుట్టూ మన్నును సరిగా దిమ్మిస చేయడం కష్టం. ఇనుప రేకు గొట్టమైతే కొన్ని దశాబ్దాల్లో తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. లాన్ లేక్ కట్టను తినేసింది గొట్టం అతుకు దగ్గరి కారుడే. ఎలుకలు, పందికొక్కులు, ఎండ్రకాయలు తవ్విన బొరియలు నీటి దారిని ఇంకా దగ్గర చేస్తాయి. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో 2019 జులై 2 రాత్రి తివరె కట్ట తెగి ఇరవై మంది దాకా చనిపోతే, రాష్ట్ర మంత్రి ఒకరు నెపం ఎండ్రకాయల మీద పెట్టారు. కట్ట కారుతోందని ఊరివాళ్లు అంతకు ముందే మొరపెట్టుకున్నారు. ఎండ్రకాయ బొరియ తవ్వడం దాని స్వభావం. బొరియను చూసి పూడ్చించడం మనిషి పని. ఆ కట్టకు ఇరవై ఏళ్లయినా నిండలేదు.

కొన్ని మన్నులు పుట్టుకతోనే కట్టకు పనికిరావు. 1970ల ఆరంభంలో జేమ్స్ షెరార్డ్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు ఓక్లహోమా, మిసిసిపీ రాష్ట్రాల్లో తెగిన చిన్న కట్టలను పరిశీలించి, సోడియం పాలు ఎక్కువున్న బంకమన్ను నీరు తగలగానే తనంత తాను చెదిరిపోతుందని చూపారు. చవుడు నేలలున్న చోటల్లా ఈ అనుమానం ఉండాల్సిందే. పరీక్షకు ప్రయోగశాల కూడా అక్కర్లేదు. కట్ట మన్ను చిన్న గడ్డను, బఠాణీ గింజంత, శుద్ధమైన నీళ్లున్న గాజు గ్లాసులో కదపకుండా వదలాలి. మంచి మన్నయితే గడ్డ విరిగి కుప్పగా కూలుతుంది, పైన నీరు తేటగానే ఉంటుంది. చెడ్డదైతే గడ్డ చుట్టూ పొగలాంటి మబ్బు లేచి పది నిమిషాల్లో గ్లాసు అడుగంతా పరుచుకుంటుంది. కదిపినవాళ్లు లేకుండానే మన్ను కరిగి లేస్తున్నదంటే కట్టలో సన్నని బీట చాలు, నీరు దాన్ని సొరంగం చేసుకోవడానికి. గ్లాసు మబ్బెత్తిందంటే ఆ కట్టకు ఇంజనీరును పిలవాల్సిందే.

చెట్ల విషయంలోనూ ఇలాంటి భ్రమే ఉంది. వేళ్లు మన్నును పట్టి ఉంచుతాయి కాబట్టి కట్ట మీద చెట్లు ఎంత పెరిగితే అంత మంచిదని అంటారు. గడ్డికి ఆ మాట వర్తిస్తుంది. దాని వేళ్లు పైపొరను అల్లి వాన కోతను ఆపుతాయి. సర్కారు తుమ్మ వేరు కట్ట గర్భంలోకి పోతుంది. చెట్టు నరికాక ఆ వేరు కుళ్లి, దాని మేర బోలు మిగులుతుంది. గాలివానకు పెద్ద చెట్టు కూలితే వేళ్లతో పాటు బండెడు మన్నూ లేచి వస్తుంది. అన్నిటికన్నా పెద్ద చేటు, కంప కమ్మేసిన వాలు మీద ఊట, బొరియ, బీట ఏదీ కంటికి కనబడదు. కెల్లీ బార్న్స్ కట్ట బయటి వాలు మీద చెట్లు పెరిగి ఉన్నాయి. 1973లో తీసిన ఒక ఫొటోలో ఆ వాలు జారిన ఆనవాలు ఉంది. కట్ట తెగింది నాలుగేళ్ల తరవాత.

ఇన్ని చెప్పాక కూడా మిగిలే వాదం చట్టం పేరిట వస్తుంది. ప్రమాదకరమైతే ప్రభుత్వమే జాబితాలో చేర్చేది కదా అని. 2021 డిసెంబర్ 30 నుంచి అమల్లో ఉన్న ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన ఆనకట్టలకు వర్తిస్తుంది. పది నుంచి పదిహేను మీటర్ల మధ్యవైతే 500 మీటర్ల పొడవో, పది లక్షల ఘనపు మీటర్ల నిల్వో, సెకనుకు రెండు వేల ఘనపు మీటర్ల వరదో, పునాదిలో ప్రత్యేకమైన చిక్కో, అసాధారణమైన నమూనానో ఉండాలి. ఈ కొలబద్దను 39 మందిని చంపిన కెల్లీ బార్న్స్ కట్టకు పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. దాని పొడవు 120 మీటర్ల చిల్లర, తెగిన రాత్రి దాని వెనక ఉన్న నీరు ఎనిమిది లక్షల ఘనపు మీటర్ల లోపు. ఈ కొలతల ప్రకారం అది చట్టం కిందికి రాదు. లాన్ లేక్ ఎత్తు దగ్గరే తప్పిపోతుంది. చట్టం గీసిన గీత తనిఖీ సిబ్బందిని ఎక్కడ ముందు పెట్టాలో చెబుతుంది. గీతకు ఇవతల ఉన్నదల్లా భద్రమని చెప్పదు.

అమెరికాలో 1944, 1954 చట్టాల కింద చిన్న వాగుల మీద కట్టిన కట్టలు 11 వేల పైచిలుకు. వాటిలో చాలావాటికి పూడిక లెక్క వేసి ఇచ్చిన ఆయుష్షు 50 ఏళ్లు. అవి కట్టేనాడు దిగువన ఉన్నవి పొలాలు, పచ్చిక బయళ్లు. అందుకని చాలావాటిని తక్కువ ముప్పు తరగతిలో వేశారు. ఆ తరగతి కట్ట గట్టిదనాన్ని చెప్పదు, తెగితే దిగువన ఏం పోతుందో చెబుతుంది. తరవాత దిగువన ఇళ్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. కట్టలో ఒక్క గంప మన్ను మారకుండానే అవి ఎక్కువ ముప్పు తరగతిలోకి వెళ్లాయి. ఆయుష్షు తీరుతున్న కట్టలను మళ్లీ బాగుచేయడానికే 2000లో అక్కడ ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. తెలుగు పల్లెల్లో వాగు ఒడ్డున తండా, పట్టణం అంచున కొత్త కాలనీ, వాగుకు అడ్డంగా కల్వర్టు వచ్చినప్పుడు పైన ఉన్న కట్ట తరగతి కూడా అలాగే మారుతుంది. దాన్ని మార్చి రాసే రిజిస్టరే చాలా చోట్ల ఉండదు.

ఇంత చిన్న కట్టకు అంత ఖర్చా అనే మాటకూ జవాబుంది. కట్ట స్థితి తెలుసుకోవడానికి కావలసింది ప్రధానంగా కాళ్లు, కళ్లు, నోట్‌బుక్కు. వానకు ముందొకసారి, పెద్ద వాన వెలిశాక ఒకసారి కట్ట తల మీదా, బయటి పాదం వెంటా నడవాలి. ఊట ఉంటే దాన్ని చిన్న కాలవలోకి మళ్లించి, దాని కింద బకెట్టు పెట్టి, నిండటానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోవాలి. గుంతలో నీటి మట్టం మారకుండానే బకెట్టు ముందు కన్నా త్వరగా నిండుతుంటే లోపల దారి పెరుగుతున్నట్టు. బకెట్టు అడుగున మన్ను పేరుకుంటే ఇక ఆగకూడదు. తేట ఊటను కనిపెట్టి ఉండాలి, బురద ఊటకు పరుగెత్తాలి. పొంగే ఊట నోటిని మట్టితో మూసేస్తే నీరు మరో చోట పగలగొట్టుకుని వస్తుంది. ఊట నోటి మీద ఇసుక, దాని మీద కంకర, ఆ పైన రాళ్లు వేసి, నీరు పోతూ మన్ను మాత్రం ఆగేలా చూడాలి. చెరువులకు నీరటికాళ్లు, నీరుగంట్లు ఉన్న రోజుల్లో ఈ నడక వాళ్ల బతుకులో భాగం. చెరువు తెగితే ఊరు తెగుతుందని వాళ్లకు తెలుసు. పూడిక కట్టకు ఆయకట్టు లేదు, ఆయకట్టు రైతు లేడు. అందుకే దానికి కాపరీ లేడు.

ఆ తరవాతి నిర్ణయం మూడు దారుల్లో ఒకటి. మొదటిది పూడిక తీయడం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు ఒండ్రు పొలాలకు చేరినట్టే ఈ మన్నూ చేలకు బలమే. జేసీబీని మాత్రం కట్ట పాదం దగ్గరికి రానివ్వకూడదు. అక్కడ తవ్వితే ఊటను ఆపుతున్న ఒండ్రు పొర చీలి, కింది ఇసుక బయటపడుతుంది. లోపలి వాలు ఆనుడు పోయి జారుతుంది. రెండోది, పూడిక తీయలేకపోతే నిండిన గుంత ఇక వరదను ఆపదన్న లెక్కతో అలుగును వెడల్పు చేసి రాతితో బిగించడం. మూడోది, దిగువన మనుషులుండి కట్ట నమ్మకం కోల్పోతే, ఎండాకాలంలో దాన్ని పథకం ప్రకారం కొంతకొంతగా తెగ్గోసి, మేట వేసిన మన్ను కదలకుండా రాతి మెట్లు కట్టి విశ్రాంతినివ్వడం. నాలుగో దారి, అంటే ఏమీ చేయకపోవడం కూడా నిర్ణయమే. ఇప్పుడు ఎక్కువగా అమలవుతున్నది అదే. అది తీసుకున్నవాళ్ల సంతకం మాత్రం ఎక్కడా ఉండదు.

చిన్నది, పాతది, నిండినది. పూడిక కట్టను పట్టించుకోకపోవడానికి చెప్పే మూడు సాకులూ నిజానికి దాన్ని ముందు చూడాల్సిన మూడు కారణాలు. చిన్నది కాబట్టి చట్టం చూపు దాని మీద లేదు. పాతది కాబట్టి గొట్టం తుప్పు పట్టింది. నిండింది కాబట్టి వచ్చే వరదకు అలుగు తప్ప వేరే దారి లేదు. ఆ అలుగు మీద ఈ ఏడు ఇసుక బస్తాలు ఉన్నాయో లేదో వానలు పడకముందే ఒక మనిషి వెళ్లి చూసి రావాలి.